పూల్ బల్లకు గుప్పెడు ఉప్పు

సెప్టెంబరు 2, మంగళవారం

ఇవాళ పూల్ బల్లను నాకు అప్పగించారు. క్లబ్బులో అసిస్టెంట్ మేనేజరుగా చేరి రెండు నెలల ఎనిమిది రోజులైంది. ఇంతవరకు నాకు అప్పగించినవి తాళాలగుత్తి, చాక్‌ముక్కల డబ్బా, "రెండో మెట్టు విరిగింది, జాగ్రత్త" అని వచ్చినవాళ్లందరికీ చెప్పే పని. ఇది మొదటి పెద్ద బాధ్యత.

బల్ల మీది గుడ్డ ఒకప్పుడు పచ్చగా ఉండేదట. ఇప్పుడు ఆ రంగుకు పేరు లేదు. ఒక పక్క చిరుగు, చిరుగుకు ప్లాస్టరు, ప్లాస్టరుకు మళ్లీ చిరుగు. బంతులు పడే నడిమి గుంట దగ్గర ఎవరో కప్పు పెట్టిన గుండ్రటి మచ్చ. కర్రతో కొట్టిన తెల్లబంతి ఆ మచ్చ దాకా వచ్చి, ఆగి, కాస్త ఆలోచించి ఎడమకు తిరుగుతుంది.

సెక్రటరీ గారు పిలిచి చెప్పారు. "ఇరవై ఒకటో తేదీ ఆదివారం అవతలి క్లబ్బువాళ్లు పోటీకి వస్తున్నారు. ఆలోగా గుడ్డ మారిందనుకో, సోమవారం నీ ఉద్యోగం పర్మనెంటు. మారలేదనుకో..." అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకోవడం అయిపోయాక కూడా ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

ఈ వార్తకు అందరికన్నా సంతోషించింది మా పాత సభ్యుడు, అందరూ గురి తాతగారని పిలిచే ఆయన. పద్నాలుగేళ్లుగా రోజూ వస్తున్నారు. ఆయన కొట్టిన బంతి గుంటలో పడడం చూసినవాళ్లు లేరు. "నాకు గురి లేక కాదమ్మాయ్, గుడ్డ లేక" అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అది. కానీ పెద్దాయన. తలూపాను.

సెప్టెంబరు 4, గురువారం

గుడ్డల కంపెనీ నుంచి నమూనాల పుస్తకం వచ్చింది. పన్నెండు ముక్కలు, ఒక్కొక్కటి అగ్గిపెట్టె అంత. ఇంటికి తెచ్చాను. అధ్యయనం చెయ్యడానికి.

అమ్మ కుట్టుమిషను ఆపి ఒక ముక్క తీసుకుంది. వేళ్ల మధ్య నలిపి, అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించింది. వాసన చూసింది. మసి నలిపింది.

"జుట్టు కాలిన వాసన. ఉన్ని. మసిలో చిన్న పూస తగుల్తోంది, అంటే ప్లాస్టిక్కు కలిసింది. పావు వంతు ఉంటుందేమో."

ముక్కకు అంటించిన చీటీ తిప్పి చూశాను. ఉన్ని డెబ్బై అయిదు పాళ్లు, నైలాన్ ఇరవై అయిదు.

"నీ చీటీ ఏమంటోంది?" అంది అమ్మ.

"దాదాపు అదే" అన్నాను.

సెప్టెంబరు 6, శనివారం

రంగు మీద ఓటింగు పెట్టాను. ప్రజాస్వామ్యం అంటే నాకు గౌరవం. పదకొండు మంది సభ్యులు, తొమ్మిది రంగులు. ఒకాయన "రంగు ముఖ్యం కాదు, మనసు ముఖ్యం" అని రాసి సంతకం పెట్టారు. ఆ ఓటును ఏ గడిలో లెక్కించాలో తెలియలేదు.

చివరికి నీలం అని నేనే రాసేశాను. ప్రజాస్వామ్యం అంటే ఇంకా గౌరవమే.

సెప్టెంబరు 9, మంగళవారం

సెక్రటరీ గారు ఊరికే మాటల్లో అడిగారు. "మీ అమ్మానాన్నలు ఏం చేస్తారమ్మా?"

నాన్న రవాణా శాఖ అన్నాను. అబద్ధం కాదు. డిపోలో బస్సులు కడగడం రవాణా కిందికే వస్తుంది. అమ్మ వస్త్ర పరిశ్రమ అన్నాను. అదీ అబద్ధం కాదు.

"ఓహో, మిల్లా?"

"చిన్నదేనండి."

"అయితే గుడ్డ విషయంలో మనకు ఢోకా లేదన్నమాట!" అని టీ తెప్పించారు.

సిగ్గుపడి అలా చెప్పలేదు. వివరంగా చెప్పే సందర్భం రాలేదంతే. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే, డిగ్రీ చేసిందీ నేనొక్కదాన్నే. ఇందులో దాచడానికేముంది? దాచడానికేమీ లేదు.

సెప్టెంబరు 13, శనివారం

గుడ్డ వచ్చింది! సాయంత్రం వచ్చింది. ఆఫీసు బీరువాలో ఎలుకలున్నాయి, అందుకని ఇంటికి తెచ్చాను. చూపించుకోవడానికి కాదు.

నాన్న మూటను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమ్మా మేనేజరమ్మా, ఇంత బల్ల ఇందులో పట్టిందా?"

"బల్ల కాదు నాన్నా, గుడ్డ. బల్ల క్లబ్బులోనే ఉంది."

"అదీ మంచిదేలే. బస్సులో టికెట్టు అడిగేవాడు."

గుడ్డతో పాటు వచ్చిన కాగితాన్ని ఇద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. నేత ఎంత దగ్గరగా ఉంటుందో, బంతి దాని మీద ఎంత వేగంగా పోతుందో, నాలుగు వైపులా అయిదేసి అంగుళాలు కిందికి ఎందుకు వేలాడాలో (అక్కడే మేకులు కొట్టేది). మధ్యమధ్య అర్థాలు కూడా చెప్పాను. నాన్న నోరు తెరిచి విన్నాడు. అమ్మ కాగితం వైపు చూస్తూ వింది. మొత్తం చదివాను. మొత్తం అంటే ముఖ్యమైన భాగం.

సెప్టెంబరు 14, ఆదివారం

నేను అమ్మకు చెప్పాను.

చెప్పాననే గుర్తు.

(సాయంత్రం) ఉన్నదున్నట్టు రాస్తాను. పొద్దున లేచేసరికి తొమ్మిదైంది. మేడ మీదికి వెళ్తే తీగ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలంగా ఆరుతోంది. అమ్మ క్లిప్పులు పెడుతోంది.

"లేచావా తల్లీ? నీ గుడ్డ తడిపేశాను. నులివెచ్చని నీళ్లు, రంగు దిగకుండా గుప్పెడు ఉప్పు. పిండలేదులే, నొక్కానంతే."

వెళ్లి అంచు ముట్టుకుని చూశాను.

"కొత్త గుడ్డ తడపకుండా ఎవరన్నా కత్తెర పెడతారా? తడపని గుడ్డా ఆరా తియ్యని సంబంధమూ తర్వాత బిగుస్తాయి" అని, ఆరిన వైపు టేపు పెట్టి కొలిచింది. ముఖం వెలిగిపోయింది. "నిలువు తొమ్మిది అంగుళాలు లాక్కుంది! అడ్డం నాలుగు. చూశావా? ఇదే బల్లకు కొట్టాక లాక్కుని ఉంటే?"

మెట్ల మీద కూర్చున్నాను. నిలువులో రెండు చివర్లా కలిపి పది అంగుళాలు వేలాడాలి. పదిలో తొమ్మిది పోతే ఒకటి. రెండు చివర్లకు పంచితే చెరి అర అంగుళం. అర అంగుళంలో మేకు కొట్టగలిగేది చీమ ఒక్కటే.

"తడపకూడదమ్మా. కాగితంలో రాసి ఉంది."

"నువ్వు చదివింది విన్నానే. అందులో రాలేదు."

"నేను చదివాను. నువ్వు వినలేదు."

అమ్మ ఒక్కొక్క క్లిప్పూ తీసి డబ్బాలో వేసుకుంది.

సెప్టెంబరు 15, సోమవారం

సెక్రటరీ గారు: "గుడ్డ వచ్చిందా?"

"వచ్చింది సార్."

"ఎలా ఉంది?"

"శుభ్రంగా ఉంది సార్."

సెప్టెంబరు 16, మంగళవారం

సాయంత్రం నాన్నా నేనూ చెరొక చివర పట్టుకుని లాగాం. నాన్న గుమ్మానికి కాలు తన్నిపెట్టి లాగాడు. "ఆగిపోయిన బస్సును తోశాను గానీ ఇంత మొండిదాన్ని చూళ్లేదు" అన్నాడు. అర అంగుళం సాగింది. అన్నం తిని వచ్చేసరికి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

నేను అమ్మకు చెప్పాను. బస్సులో వస్తూ బాగా జ్ఞాపకం చేసుకున్నాను. అప్పుడు అమ్మ పొయ్యి దగ్గర ఉంది. లేకపోతే పెరట్లో ఉంది. వినపడి ఉండదు.

కొత్త గుడ్డ తెప్పిస్తే రావడానికి మళ్లీ వారం రోజులు. అడిగి కనుక్కున్నాను. ఆదివారానికి ఉన్నవి అయిదు.

మిషను చప్పుడు ఆగి మూడు రోజులైంది. అమ్మ కుట్టాల్సిన యూనిఫారాలు అలాగే గుట్టపడి ఉన్నాయి. అమ్మకు నడుం నొప్పేమో.

సెప్టెంబరు 17, బుధవారం

కాగితం మళ్లీ తీసి చూశాను. నాలుగో పేరా తర్వాత ఒక గీత. గీత కింద చిన్న అక్షరాలు. మొదటి మాటే అది: తడపరాదు.

సెప్టెంబరు 18, గురువారం

బల్లలకు గుడ్డ వేసే మేస్త్రీ వచ్చాడు. పొరుగూరి నుంచి సంచీ భుజాన వేసుకుని బస్సులో వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని పని మొదలుపెట్టాడు. బల్ల చుట్టూ ఉన్న రబ్బరు కుషన్ల బోల్టులు కింది నుంచి విప్పి పక్కన పెట్టాడు. పాత గుడ్డను ఒక్క లాగు లాగాడు. నల్లటి రాతిపలక బయటపడింది, మూడు ముక్కలుగా. అతుకుల్లో మైనం కరిగించి పోసి, బ్లేడుతో గీకి, నీటిబుడగ ఉన్న మట్టంబద్ద పెట్టి చూశాడు. బుడగ అటూ ఇటూ ఊగి మధ్యలో నిలబడింది. అంతవరకు బాగానే ఉంది.

తర్వాత కొత్త గుడ్డ విప్పాడు. పలక మీద పరిచాడు. నోట్లో మేకులు తీశాడు.

"ఎవరు తడిపారు పాపా?"

"వానండీ."

గుడ్డను వేలితో రుద్ది, ఆ వేలు నాలుకకు తాకించాడు. "ఈమధ్య వానలో ఉప్పు కూడా పడుతోందా?"

తల తిప్పాను. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి బస్సెక్కి వచ్చేసింది. చేతిలో నా అన్నం డబ్బా. పొద్దున మరిచిపోయానట. నేను డబ్బా మరిచిపోవడం కొత్త కాదు, అమ్మ తీసుకురావడమే కొత్త.

నావైపు చూడలేదు. నేరుగా బల్ల దగ్గరకు వెళ్లింది. చుట్టూ తిరిగింది. కిందికి వంగి చూసింది. గుడ్డను పలక అంచు దాకా జరిపి వేలితో నొక్కింది.

"అన్నా, ఈ పక్కదిమ్మెలు మళ్లీ బిగిస్తారా?" అంది, విప్పి పెట్టిన కుషన్లను చూపించి.

"బిగించాలమ్మా. బంతి కొట్టుకుని తిరగాల్సింది వాటికేగా."

"పలక అంచు వాటి కిందికి పోతుందా?"

"రెండంగుళాలు పోతుంది."

"అయితే అంచు చుట్టూ గట్టి గుడ్డ అతుకేస్తాను. కుట్టు పలక దాటి అవతల పడుతుంది. మేకులు అతుక్కి కొట్టుకోండి. దిమ్మెలేశాక కుట్టు కనపడదు."

మేస్త్రీ పలకను చూశాడు, అమ్మను చూశాడు. మేకులు మళ్లీ నోట్లో వేసుకున్నాడు. అమ్మ రవికకు గుచ్చుకున్న గుండుసూదులు తీసి తన నోట్లో పెట్టుకుంది. ఇక ఇద్దరూ బల్లకు చెరోపక్క వంగి కొలతలు మొదలుపెట్టారు.

"ఊఁ ఉమ్ ఉఁ?" అన్నాడు ఆయన.

"ఊఁహూఁ, ఉమ్ ఉఁ" అంది అమ్మ.

"మ్!" అన్నాడు ఆయన సంతోషంగా.

ఆ గదిలో డిగ్రీ ఉన్నది నాకొక్కదానికే. ఒక్క ముక్క అర్థం కానిదీ నాకొక్కదానికే.

సరిగ్గా అప్పుడు సెక్రటరీ గారు వచ్చారు. అమ్మ బల్ల కింద మోకాళ్ల మీద ఉంది.

"ఎవరమ్మా ఈవిడ?"

"మేస్త్రీగారి మనిషి సార్."

ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట. నేను ఆలోచించలేదు. ఆలోచించలేదు అని రాయడం సులువు.

బల్ల కింద నుంచి అమ్మ "మ్" అంది. మేస్త్రీ నావైపు ఒక్కసారి చూసి, మేకు ఒకటి నోట్లోంచి తీసి, మళ్లీ నోట్లోనే పెట్టుకున్నాడు.

గుడ్డ మూట అమ్మా నేనూ కలిసి ఇంటికి మోసుకొచ్చాం. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. మిషను సాయంత్రం నుంచి మోగుతూనే ఉంది.

సెప్టెంబరు 19, శుక్రవారం

బయల్దేరే ముందు చెప్పేశాను. చెప్పులు వేసుకుంటూ, నేల వైపు చూస్తూ. "అమ్మా. ఆ రోజు నేను కాగితం మొత్తం చదవలేదు. తడపొద్దని కింద రాసి ఉంది. అది చదవలేదు."

"తెలుసు."

"ఎలా?"

"చదువుతూ వేలు జరుపుతావుగా, చిన్నప్పటి నుంచీ అలవాటు. వేలు గీత దగ్గర ఆగిపోయింది. కాగితం ఇంకా కిందికి ఉంది. అక్షరాలు రాకపోతే మాత్రం, కాగితం ఎక్కడ అయిపోతుందో తెలీదా?"

"మరి అప్పుడే అడగొచ్చుగా!"

"చదువుకున్నదానివి. మిగతాది అక్కర్లేదేమో అనుకున్నా" అంది. మూట నా చేతికిచ్చి, "పద, మేస్త్రీ ఎదురుచూస్తుంటాడు" అంది.

క్లబ్బులో పలక మీద అక్కడక్కడా ఏవో గీతలు. నిన్న గమనించలేదు. మేస్త్రీ తడిగుడ్డతో దుమ్ము తుడిచాడు, వాటి జోలికి మాత్రం పోలేదు. పాత మేస్త్రీల పేర్లు, తేదీలు. గుడ్డ వేసిన ప్రతివాడూ పలక మీద రాసి, పైన గుడ్డ పరుస్తాడట. పదేళ్లకో పదిహేనేళ్లకో గుడ్డ విప్పినవాడు తప్ప ఇంకెవరూ చూడరు. రాయడం రానివాళ్లు గుర్తులు వేశారు. ఒకచోట సుత్తి బొమ్మ, ఒకచోట బొటనవేలి ముద్ర. ఆయన తన పేరు రాసి చాక్‌ముక్క అమ్మకిచ్చాడు.

"నాకెందుకన్నా, నేను మేస్త్రీగారి మనిషినేగా" అంది అమ్మ. నవ్వుతూనే అంది. నా చెవులు కాలిపోయాయి.

"పని సగం నీదమ్మా. పెట్టకపోతే అబద్ధం అవుతుంది."

అమ్మ పలకను అరచేత్తో నిమిరింది. "దీనికి చిన్నప్పుడు కొనిచ్చిన పలక ఇంతే ఉండేది" అని జానెడు చూపించింది. "నాకు ఇంతది కొనిచ్చి ఉంటే నేనూ నేర్చుకునేదాన్నేమో." తలుపు వైపు మూల వంగి మూడు అడ్డగీతలు, చివర సున్న పెట్టింది. కుట్టడం అయిపోయిన ప్రతి యూనిఫారం లోపలా పెట్టే గుర్తు. అయిపోయింది, ఇచ్చెయ్యొచ్చు అని.

నేను చాక్‌ముక్క తీసుకుని ఆ గుర్తు పక్కన "మా అమ్మ" అని రాశాను. తేదీ వేశాను. చిన్నప్పుడు పలక మీద మొదట దిద్దిన మాట కూడా అదే. అప్పుడు ఇంతకన్నా బాగా వచ్చినట్టు గుర్తు.

తర్వాత గుడ్డ పరిచారు. గుంటల దగ్గర మేస్త్రీ కత్తెర పట్టుకుంటే అమ్మ ఆపింది. రవిక మెడ గుండ్రానికి పెట్టినట్టు చిన్న చిన్న కోతలు పెట్టి లోపలికి మడిచింది. ఒక్క ముడత లేదు. కుషన్ల గుడ్డ వేరే కవర్లో ఉండి స్నానం తప్పించుకుంది. అది కాస్త లేత నీలం, బల్ల కాస్త ముదురు నీలం. కావాలని చేసినట్టే ఉంది.

వంగి, కళ్లు చిట్లించి చూశాను. కుట్టు కనపడలేదు.

సెప్టెంబరు 20, శనివారం

తెల్లబంతిని వదిలి చూశాను. నిదానంగా పోతోంది. భోంచేసి నడిచే మనిషిలా. కానీ తిన్నగా పోతోంది.

సెప్టెంబరు 21, ఆదివారం

అవతలి క్లబ్బువాళ్లు ఆరుగురు వచ్చారు. వాళ్ల బల్ల నున్నటిది, కర్ర తాకిస్తే బంతి పరుగెత్తుతుంది. ఆ లెక్కన కొట్టిన ప్రతి బంతీ మా బల్ల మీద గుంట ముందు జానెడు దూరంలో ఆగిపోయింది. "బల్ల బరువుగా ఉందేమిటి?" అంటాడు వాళ్ల కెప్టెన్. మావాళ్లు జీవితమంతా చిరుగుల మీద ఆడినవాళ్లు. వాళ్లకు ఇది రాజమార్గం.

గురి తాతగారి వంతు వచ్చింది. కొట్టారు. అయిదో నంబరు బంతి బయల్దేరి, గుంట అంచు మీద ఆగింది. బంతి కాస్త ఆలోచించింది. పడింది. తాతగారు కర్ర కింద పడేసి గుంటలో చెయ్యి పెట్టి బంతిని బయటికి తీసి, పడిందా లేదా అని అందరికీ చూపించారు.

మావాళ్లు గెలిచారు. మా సెక్రటరీ గారు ఆ కెప్టెన్ భుజం మీద చెయ్యి వేసి, గది మొత్తం వినేలా మొదలుపెట్టారు. "మామూలు గుడ్డ కాదండీ ఇది. మా అసిస్టెంట్ మేనేజరమ్మాయి వాళ్లకు సొంత మిల్లుంది. ప్రత్యేకంగా తయారు చేయించింది. ఏమ్మా?"

అందరూ నావైపు తిరిగారు. అవునండి అంటే అయిపోయేది. గోడ పక్కన కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. నేనే రమ్మన్నాను. పక్కన నాన్న, డిపో చొక్కాలో.

"మిల్లు లేదు సార్. ఒక కుట్టుమిషను ఉంది. అది మా అమ్మది. అదిగో, ఆవిడే మా అమ్మ. గురువారం మేస్త్రీగారి మనిషి అని చెప్పాను, అది అబద్ధం. రవాణా శాఖ అన్నాను కదా, నాన్న డిపోలో బస్సులు కడుగుతాడు. గుడ్డను తడపకూడదని కాగితంలో గీత కింద రాసి ఉంది. చదివి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. అమ్మ ఉప్పునీళ్లలో తడిపింది. తొమ్మిది అంగుళాలు తగ్గింది. మళ్లీ అమ్మే అతుకేసి కుట్టింది. కుట్టు దిమ్మెల కింద ఉంది సార్."

ఒక్క గుక్కలో చెప్పేశాను. కామా కూడా పెట్టినట్టు లేను.

సెక్రటరీ గారు కళ్లజోడు తీశారు. తుడవసాగారు. ఎంతసేపు తుడిచారో.

"ఏమ్మా," అన్నారు గురి తాతగారు, అయిదో నంబరు బంతిని ఇంకా చేతిలోనే పట్టుకుని, నన్ను కాదు, అమ్మను. "ఎన్ని గుప్పెళ్లు ఉప్పు వేశారు?"

"ఒకటేనండి" అంది అమ్మ లేచి నిలబడి.

"ఆ పక్క గదిలో ఇంకో బల్ల ఉంది. అది కూడా తడిపి పెట్టండి."

ముందు నవ్వింది అవతలి కెప్టెన్. తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో నేను చూడలేదు. సెక్రటరీ గారు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని, "రేపు పదింటికి నా గదికి రా" అని వెళ్లిపోయారు.

ఇంటికి వస్తూ నాన్న అడిగాడు. "రవాణా శాఖ అని చెప్పావటగా? బాగానే ఉంది కదే, మార్చావెందుకు?"

సెప్టెంబరు 22, సోమవారం

పదింటికి వెళ్లాను. నిలబడే ఉన్నాను, కూర్చోమనలేదు. ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద నావైపు తోశారు. పర్మనెంటు దరఖాస్తు. పైన ఆయన సంతకం అప్పటికే ఉంది.

"మొత్తం చదివి నింపు," అన్నారు, తల ఎత్తకుండానే. "గీత కిందిది కూడా."

మొత్తం చదివాను. వేలు పెట్టి, చివరి అక్షరం దాకా.

తండ్రి వృత్తి: బస్సులు కడగడం.

తల్లి వృత్తి: దర్జీ.

ఆ పక్క గడిలో "ఆధారం" అని ఉంది, ఏదైనా పత్రం ఉంటే జతపరచాలట. అమ్మ దగ్గర పత్రాలేమీ లేవు. కాసేపు ఆలోచించి రాశాను: పూల్ బల్ల, తలుపు వైపు మూల, గుడ్డ కింద.